నేత మనది.. అమ్మే చెయ్యి ఎవరిది?

సిరిసిల్ల చీర, జగిత్యాల మామిడి, కోరుట్ల పసుపు ఫోన్ తెర మీదికొచ్చాయి. ఫొటో తీయడానికి, నాలుగు ముక్కలు రాయడానికి, రీల్ చేయడానికి మనుషులు కావాలి. నెల జీతం ఇచ్చే స్తోమత లేని చిన్న వ్యాపారికి పనికింతని మాట్లాడుకుని చేయించుకోవడమే దారి. ఆ దారిలో ఎక్కడ లాభం, ఎక్కడ దెబ్బ?

2022 సెప్టెంబరులో సిరిసిల్ల మగ్గం మీద నేసిన పట్టుచీరలు న్యూజిలాండ్‌లో విడుదలయ్యాయి. వాటి పేరు 'రాజన్న సిరిపట్టు'. నేసిన మనిషి వెల్ది హరిప్రసాద్. వాటిని అక్కడి వాళ్ల ముందుకు తీసుకెళ్లింది 'బ్రాండ్ తెలంగాణ' వ్యవస్థాపకురాలు సునీత విజయ్. విడుదల చేసింది ఆ దేశ అప్పటి మంత్రి ప్రియాంక రాధాకృష్ణన్. రెండు నెలలు తిరిగేసరికి, నవంబరు 27న ప్రధాని 'మన్ కీ బాత్'లో హరిప్రసాద్ పేరు దేశమంతా విన్నది. జీ20 లోగోను చేత్తో నేసి ఢిల్లీకి పంపినందుకు ఆ గుర్తింపు. అంతకు చాలా ముందే నల్ల పరంధాములు, ఆయన కుమారుడు విజయ్ అగ్గిపెట్టెలో పట్టే చీరతో సిరిసిల్ల పేరు నిలబెట్టారు.

చేతిపని విషయంలో ఈ ఊరికి ఒకరు నేర్పాల్సింది ఏమీ లేదు. సిరిపట్టు సముద్రం దాటిందంటే, అమ్మే పనిని ఇంకో మనిషి తన భుజాన వేసుకోవడం వల్లే. నేసేవాళ్లు నేశారు, చూపించేవాళ్లు చూపించారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఫోన్ ద్వారా సరుకు అమ్ముకుంటున్న వందల ఇళ్లకు ఇవాళ దొరకనిది ఆ రెండో మనిషే.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, సిరిసిల్ల ఒకే ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడి ఎంత నలిగిందో కళ్లారా చూశాం. 2017లో బతుకమ్మ చీరల పథకం మొదలైంది. ఏటా దాదాపు కోటి చీరలు. ఊరంతా సాంచాల (మరమగ్గాల) చప్పుడు. ప్రభుత్వం మారింది, ఆ ఆర్డరు ఆగింది. 2024 మొదట్లో సాంచాలు నిలిచిపోయి కార్మికులు రోడ్డెక్కారు. ఆ తర్వాత మహిళా సంఘాల చీరల పని వచ్చింది, మంచిదే. కానీ సర్కారు ఆర్డరు వస్తేనే పొయ్యి వెలిగే పరిస్థితి ఏ ఊరికీ క్షేమం కాదు. ఒకప్పుడు పని లేక భివండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు తరలిపోయిన కుటుంబాలు, అప్పులకు తాళలేక పోయిన ప్రాణాలు ఇక్కడివాళ్లకు పాత వార్తలు కావు, సొంత ఇళ్ల ముచ్చట్లు. కోటి చీరల ఆర్డరును ఏ రీలూ తెచ్చిపెట్టదు. ఆ భ్రమ ఎవరికీ వద్దు. అయితే రోజుకు పది చీరలు నేరుగా కట్టుకునేవాళ్ల చేతికి పోతే, ఆ ఇంటికి ఇంకో ఆధారం దొరికినట్టే.

జగిత్యాల, కోరుట్ల వైపు సరుకు వేరు. ఎండాకాలం వస్తే చల్‌గల్ మార్కెట్ నుంచి మామిడి ఢిల్లీ దాకా పోతుంది. కోరుట్ల, మెట్‌పల్లి పొలాల్లో పసుపు. సంక్రాంతికి సకినాలు, గారెలు. గల్ఫ్‌లో ఇంటికొకరు ఉన్న ప్రాంతం కాబట్టి పార్సిల్ కట్టడం ఆడవాళ్లకు ఏనాటి నుంచో అలవాటే. ఆ అలవాటుకు 2018లో వాట్సాప్ బిజినెస్ తోడైంది. యూపీఐ అప్పటికే ఉంది. ఇంటి ముందటి గదే దుకాణమైంది.

ఒక చీర, ఆరు ఫొటోలు

పగలంతా ప్యాకింగ్, కొరియర్. రాత్రి పదింటికి ఫోన్ పట్టుకుంటే నలభై మెసేజ్‌లు: "అక్కా, ఈ రంగుల ఇంకోటి ఉందా?", "బ్లౌజు పీసు చూపియ్యండి", "ధర చెప్పరాదు". ఇంటర్నెట్‌లో అమ్మే చిన్న వ్యాపారులు ఎవరిని కదిలించినా చెప్పేది ఇదే. సరుకు కొనడం, చూసుకోవడం, అమ్మడం, లెక్క రాయడం, అలిగిన గిరాకీకి సర్దిచెప్పడం అన్నీ ఒక్క మనిషే. పది పార్సిళ్ల దాకా నడుస్తుంది. ఇరవై దాటితే ఎక్కడో ఒకచోట తెగుతుంది. సాధారణంగా ముందు తెగేది ఫొటో.

ఫొటో సంగతి కొంచెం దగ్గర నుంచి చూడాలి. ముదురు మెరూన్ చీరను రాత్రి ట్యూబ్‌లైటు కింద తీస్తే ఫోన్ తనంతట తానే వెలుతురు సరిచేసి ఎరుపు చేసి చూపిస్తుంది. కొన్నావిడ ఎరుపనుకుని డబ్బులు పంపుతుంది, చేతికి మెరూన్ వస్తుంది. "ఫొటోల ఒకటి, పంపింది ఒకటి" అంటుంది. ఆమె తప్పు లేదు. చీర తిరిగొస్తుంది, రెండు వైపులా కొరియర్ ఖర్చు మీదే. తిరిగొచ్చేటప్పటికి మడత చెదిరి, కవరు చిరిగి, ఇంకొకరికి అమ్మే రూపంలో ఉండదు. అదే చీరను పొద్దున్నే డాబా మీద, నేరుగా ఎండ పడని చోట, తెల్లబట్ట పరిచి తీస్తే రంగు ఉన్నదున్నట్టు వస్తుంది. మడతతో ఒకటి. కొంగు పూర్తిగా విప్పి ఒకటి. అంచు దగ్గరగా, పక్కన పది రూపాయల నాణెం పెట్టి ఒకటి. అప్పుడు అంచు ఎంత వెడల్పో అడగాల్సిన పని ఉండదు. చీర వెనకవైపు తిప్పి, దారం ఎలా పోయిందో కనబడేలా ఒకటి. బ్లౌజు పీసు విడిగా ఒకటి. కట్టుకున్న మనిషి మీద ఒకటి. ఆరు. ఈ ఆరు ఫొటోలు సరిగ్గా ఉంటే సగం ప్రశ్నలు రావు, తిరిగొచ్చే సరుకు తగ్గుతుంది.

అందుకే మొదటిసారి డబ్బులిచ్చి ఒకరితో పని చేయించుకోవాలనుకుంటే, ఫొటోల పనే ఇవ్వండి. ప్రకటనల పని, వెబ్‌సైట్ పని, లోగో పని అన్నీ దాని తర్వాతే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు లోగోకు, వెబ్‌సైట్‌కు డబ్బులు పోస్తారు. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలనే ఆ కొత్త వెబ్‌సైట్‌లో పెడతారు.

మూఢం వస్తే ఖాళీ అయ్యే కెమెరాలు

మనిషి ఎక్కడ దొరుకుతాడు? హైదరాబాద్ దాకా కూడా పోనక్కర్లేదు. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా మన టౌన్లలో పెళ్లి ఫొటోగ్రాఫర్ల చేతుల్లో పని ఉండదు. లైట్లున్నాయి, లెన్సులున్నాయి, ఆల్బమ్ డిజైన్ చేసే కంప్యూటర్ ఉంది. చీర ఫొటో ఎలా తీయాలో వాళ్లకు ఒకరు చెప్పాల్సింది లేదు. పెళ్లికూతురి చీర మీద జరీని మెరిపించడం వాళ్ల రోజువారీ పని. ముహూర్తాలున్న నెలల్లో వాళ్లు దొరకరు. ముహూర్తాలు లేని నెలల్లో రెండు రోజులు మాట్లాడుకుంటే మీ పండగ సరుకు మొత్తానికి ఫొటోలు సిద్ధం.

ఇక ఫ్లెక్సీ షాపు. ఎన్నికలకు, పుట్టినరోజులకు రాత్రికి రాత్రి ఫొటోషాప్‌లో ముప్పై తలకాయలు అతికించే కుర్రాడు మీ ధరల పట్టిక, పండగ పోస్టరు, పార్సిల్ మీద అతికించే స్టిక్కరు చేయలేడా? తెలుగు అక్షరం వంకర పోకుండా కూర్చడం అతనికి తెలిసినంతగా ఎక్కడో బెంగళూరులో ఉన్న డిజైనర్‌కు తెలియదు. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. సిరిసిల్లకూ 2021లో ఒకటి వచ్చింది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషోల్లో సరుకు ఎక్కించే పట్టికలు నింపడం, స్టాకు లెక్క ఎక్సెల్‌లో పెట్టడం అక్కడి పిల్లలకు సాయంత్రం రెండు గంటల పని.

వీడియో అంటారా, ఆ విద్య జగిత్యాల జిల్లాకు కొత్త కాదు. మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' యూట్యూబ్ చానల్ మొదలుపెట్టారు. అక్కడి నుంచి వచ్చిన గంగవ్వ 2020లో బిగ్‌బాస్ ఇంటి దాకా వెళ్లారు. ఆ చానల్ జనానికి ఎందుకు నచ్చిందో అమ్ముకునేవాళ్లు కాసేపు ఆలోచించాలి. మాట ఇక్కడిది, ఇల్లు ఇక్కడిది, నవ్వు ఇక్కడిది. పరాయి ఊరి పాట పెట్టి, అద్దె మోడల్‌ను నిలబెట్టి తీసిన రీల్ కన్నా, సాంచా మీద బట్ట దిగుతుంటే ఆ చప్పుడుతో సహా తీసిన ముప్పై సెకన్ల వీడియో సిరిసిల్ల చీరకు ఎక్కువ నప్పుతుంది.

దూరపు ఫ్రీలాన్సర్లు అసలు వద్దని కాదు. 2010లో మొదలైన ఫైవర్, 2015లో ఆ పేరు పెట్టుకున్న అప్‌వర్క్ లాంటి వేదికల మీద ప్రపంచం నలుమూలల మనుషులు దొరుకుతారు. డబ్బులు ముందు వేదిక దగ్గర ఉంటాయి, మీరు పని చూసి సరేనన్నాక అవతలివాళ్లకు చేరతాయి. ఇది ఇద్దరికీ రక్షణ. కాకపోతే ధర తరచూ డాలర్లలో ఉంటుంది, పైగా ఫైవర్ పనిచేసినవారి సంపాదనలో ఐదో వంతు కమీషన్ పట్టుకుంటుంది. ఆ భారం ధరలోకి వచ్చే చేరుతుంది. వెబ్‌సైట్‌లో పాడైన పేమెంట్ లింకు బాగుచేయడం, అమెరికాలో అమ్మేవాళ్లకు ఇంగ్లిష్ వివరణ దిద్దించడం లాంటివాటికి అక్కడ చూడొచ్చు. సరుకును ముట్టుకుని చూడాల్సిన పని ఏదైనా సరే, ముట్టుకోగల దూరంలో ఉన్న మనిషికే ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఎందుకో చెప్తాను.

చేనేత అని ఒక్క మాట రాస్తే

సిరిసిల్లలో చేమగ్గాలు కొద్ది, సాంచాలు వేలు. మీరు అమ్మేది సాంచా మీద నేసిన పాలిస్టర్ చీర. దూరాన ఉన్న రచయితకు ఫొటో పంపి "నాలుగు వాక్యాలు రాయండి" అన్నారు. ఆ మనిషి ఇంటర్నెట్‌లో సిరిసిల్ల చీర అని వెతికితే కనబడేది అగ్గిపెట్టె చీర, సిరిపట్టు, జీ20 లోగో. పాపం, మంచి చేద్దామనే "తరతరాల నేతన్నలు చేతిమగ్గంపై నేసిన చీర" అని రాసి పంపుతాడు. మీరు పనిలో పడి చదవకుండా పెట్టేస్తారు. నచ్చి కొన్నావిడకు బట్ట చేతికి అందగానే తెలిసిపోతుంది.

ఇది చిన్న పొరపాటు అనుకోవద్దు. చేనేతకు ఈ దేశంలో విడిగా చట్టమే ఉంది. 1985 నాటి రిజర్వేషన్ చట్టం కింద 11 రకాలు చేమగ్గానికే కేటాయించారు. చేనేత అని నమ్మించడానికి 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉంది. సాంచా బట్టను చేనేత అని అమ్మితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది తప్పుదారి పట్టించే ప్రకటన. జవాబు చెప్పాల్సింది అమ్మినవాళ్లే, రాసిన ఫ్రీలాన్సర్ కాదు. అన్నిటికన్నా ఎక్కువగా, పక్కవీధిలో నిజంగా చేత్తో నేసేవాడి కూలి ఆ అబద్ధం వల్ల పోతుంది. సాంచా చీరకు దాని గౌరవం దానికుంది. తక్కువ ధర, ఉతికినా చెదరని రంగు, రోజూ కట్టుకోడానికి హాయి. ఉన్నదున్నట్టు రాసినా కొనేవాళ్లున్నారు.

ఇప్పుడు రాసేవాళ్లలో చాలామంది కృత్రిమ మేధతో రాయించి పంపుతున్నారు. అది సరుకును చూడలేదు, చూసినట్టే రాస్తుంది. ఫొటోలను కూడా మారుస్తుంది. అంచులో లేని నెమలిని ఉన్నట్టు చూపిస్తుంది. వాడారా అని ముందే అడగండి. వాడటం నేరం కాదు. పొడవు, బట్ట రకం, నేత, రంగు, ఉతికే పద్ధతి, ఈ ఐదూ మాత్రం మీరు రాసిచ్చినవే ఉండాలి, అక్షరం మారకూడదు. పసుపు, పచ్చడి, సకినాలు అమ్మేవాళ్లయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, బరువు, తయారుచేసిన తేదీ కూడా ఈ జాబితాలో చేరతాయి. "షుగరు తగ్గిస్తుంది" అని పసుపు ప్యాకెట్ కింద రాసి పంపే ఉత్సాహవంతులుంటారు. కొట్టేయండి.

కూలి సంగతి మనకు చెప్పాలా?

ఫ్రీలాన్సింగ్ అనే పేరు కొత్తదేమో కానీ, ఆ బతుకు ఈ మూడు ఊళ్లకు పాతదే. సిరిసిల్లలో యజమాని నూలు ఇస్తాడు, ఆసామి తన సాంచాల మీద బట్ట నేయించి ఇస్తాడు, కార్మికుడికి నేసినంతకే కూలి. సాంచాకు నూలు సిద్ధం చేసే వార్పిన్ పని, వైపని అన్నీ పనిని బట్టి లెక్కే. కూలి ఒప్పందం గడువు తీరిందంటే ఊళ్లో సమ్మె మాట వినబడుతుంది. జగిత్యాల, కోరుట్లలో ఇంటింటా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టిన అమ్మలున్నారు. వాళ్ల కూలి వెయ్యి బీడీల లెక్క. తునికాకు తక్కువిచ్చి లెక్కకు మాత్రం వెయ్యి తెమ్మంటే, ఆ తక్కువైన ఆకు ఆమె సొంత డబ్బుతో కొనాలి. చుట్టినవాటిలో కొన్ని బాగాలేవని తీసేస్తే ఆ కూలీ పోయె.

ఆ అమ్మ బిడ్డ ఇవాళ ఫోన్‌లో చీరలు అమ్ముతూ ఒకరికి పని ఇచ్చే చోటికి వచ్చింది. నాకు ఈ కథనంలో ముఖ్యమనిపించే విషయం ఇదే. మసక ఫొటో ఒకటి పంపి "మంచి పోస్టరు చెయ్యి తమ్మీ" అనడం, తునికాకు తక్కువిచ్చి వెయ్యి బీడీలు అడగడమే. ఏం కావాలో చెప్పకుండా ఏడుసార్లు మార్పించి, చివరికి "నచ్చలేదు, డబ్బులియ్య" అనడం బీడీలు ఏరి పారేయడమే. "ముందు చెయ్యి, నీకే పేరొస్తది" అనే మాటకు కూలి రాదని మనకు తెలియనిదా?

పనికి ముందు ఒక కాగితం రాసుకోండి. వాట్సాప్ మెసేజ్ అయినా చాలు. ఏం పని, ఎన్ని, ఏ తేదీకి, ఎంత డబ్బు, ఎప్పుడు ఇస్తారు, ఎన్నిసార్లు మార్పులు అడగొచ్చు. ఉదాహరణకు ఇలా: "ఇరవై చీరలు, చీరకు ఆరు ఫొటోలు, తెల్ల వెనకతెర, రంగు మార్చకూడదు, శుక్రవారం సాయంత్రానికి. ముందు మూడో వంతు, ఫొటోలు అందిన రోజే మిగతాది. రెండుసార్లు మార్పులు ఉచితం." మీరు ఇంత స్పష్టంగా రాయలేకపోతున్నారంటే మీకే ఏం కావాలో ఇంకా తేలలేదన్నమాట. అప్పుడే మనిషిని పిలవకండి. ఒక చీరతో మొదలుపెట్టండి, ఆ ఒక్కదానికీ డబ్బులివ్వండి. నచ్చితే మిగతా పంతొమ్మిది.

చట్టం కూడా పనిచేసినవాడి పక్షాన ఒక మాట చెప్పింది. ఫ్రీలాన్సర్ చిన్న వ్యాపారాల 'ఉద్యమ్' పోర్టల్‌లో నమోదై ఉంటే 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం కింద వాళ్ల డబ్బు 15 రోజుల్లో ఇవ్వాలి. గడువు రాసుకుని ఉన్నా అది 45 రోజులు దాటకూడదు. దాటితే వడ్డీతో కట్టాలి. చట్టం 45 రోజులిచ్చినా మూఢంలో పని చేసిన ఫొటోగ్రాఫర్‌కు ఆ వారమే ఇవ్వండి. మాఘంలో ముహూర్తాల రద్దీలో కూడా మీ ఫోన్ ఎత్తుతాడు.

తాళం చెవి ఎవరి దగ్గర?

పని చేయించుకుని డబ్బులిచ్చాం కాబట్టి అంతా మనదే అనుకుంటాం. కాపీరైట్ చట్టం అలా అనదు. 1957 నాటి ఈ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటో, వీడియో వేరే ఒప్పందం లేనంతవరకు తీయించుకున్నవాళ్లవే. కానీ ఫ్రీలాన్సర్ రాసిన రాత, కంప్యూటర్‌లో గీసిన లోగో అలా కాదు. రాసిన, గీసిన మనిషే మొదటి హక్కుదారు. అవి మీవి కావాలంటే కాగితం మీద రాయించి సంతకం తీసుకోవాలి. గడువు రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు. ఎక్కడెక్కడ చెల్లుతుందో రాయకపోతే భారతదేశం వరకే. గల్ఫ్‌కు, అమెరికాకు అమ్ముకునే మన దుకాణాలకు ఈ రెండు ముక్కలూ ప్రాణం. "ఈ లోగో హక్కులు ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం ఫలానా వారివి" అని ఒక వాక్యం, కింద సంతకం, డబ్బు ఇచ్చే రోజే.

పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వొద్దు. ఇవ్వాల్సిన అవసరమే లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలకు మెటా బిజినెస్‌లో ఎంతవరకు అవసరమో అంతవరకే అనుమతి ఇవ్వొచ్చు. అమెజాన్ సెల్లర్ ఖాతాలో కూడా వేరే మనిషిని చేర్చి, సరుకు ఎక్కించే పని వరకే తెరిచి, బ్యాంకు వివరాలు కనబడకుండా చేయొచ్చు. వాట్సాప్‌ను మీ ఫోన్ కాక ఇంకో నాలుగు పరికరాలకు కలపొచ్చు. పని అయిపోగానే ఆ లింకు తీసేయండి. వెబ్‌సైట్ పేరు, దాని మెయిల్ మీ పేరు మీదే, మీ ఫోన్ నంబరు మీదే రిజిస్టర్ కావాలి. "నేనే కొని పెడతా అక్కా" అని మంచి మనసుతో అన్నా సరే, వద్దనండి. ఆ కుర్రాడికి రేపు హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే, లేదా దుబాయ్ వీసా వస్తే, మీ దుకాణం తలుపు అతని మెయిల్‌లో ఉండిపోతుంది.

గిరాకీతో మాట్లాడే పని చివరిదాకా మీ చేతుల్లోనే ఉండాలన్నది నా రెండో గట్టి మాట. 2025 ఏప్రిల్‌లో రాజమండ్రి పచ్చళ్ల వ్యాపారం ఒకదానికి ఏమైందో తెలుగువాళ్లందరికీ తెలుసు. ధర ఎక్కువుందన్న మనిషికి వాట్సాప్‌లో వెళ్లిన దురుసు జవాబు రెండు రాష్ట్రాలూ తిరిగింది, చివరికి దుకాణమే మూసుకోవాల్సి వచ్చింది. సొంతవాళ్లు మాట్లాడితేనే అంత అయినప్పుడు, మీ సరుకుతో, మీ పేరుతో ఏ బంధమూ లేని మనిషికి ఆ ఫోన్ ఇస్తే ఎలా? ఎప్పుడూ అడిగే పది ప్రశ్నలకు జవాబులు రాయించుకుని పెట్టుకోండి. కోపంగా వచ్చిన మెసేజ్‌కు మాత్రం మీరే ఫోన్ చేసి మాట్లాడండి.

డబ్బులిస్తే వంద ఐదు చుక్కల రివ్యూలు పెట్టిస్తామని వచ్చేవాళ్లను గుమ్మంలోంచే పంపేయండి. అమ్మేవాళ్లే కొన్నట్టు నటిస్తూ రివ్యూ పెట్టకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు తేటతెల్లంగా చెప్పాయి. "నెలలో అమ్మకాలు రెట్టింపు" అని హామీ ఇచ్చేవాళ్లూ అంతే. ప్రకటనల పని తెలిసిన మనిషెవరూ అలాంటి హామీ ఇవ్వరు.

అరవై ఏడో చీర

లెక్క లేకుండా ఏ మనిషినీ పెట్టుకోవద్దు. చీర ఏడు వందలకు అమ్ముతున్నారనుకుందాం. కొన్న ధర, ప్యాకింగ్, కొరియర్, తిరిగొచ్చే సరుకు నష్టం అన్నీ పోగా చీరకు తొంభై మిగులుతుందనుకుందాం. నెలకు ఆరు వేలకు ఒకరితో రీల్స్ చేయించుకుంటే, ఆ రీల్స్ వల్ల అదనంగా అరవై ఏడు చీరలు పోతేనే పెట్టిన డబ్బు వెనక్కొస్తుంది. అరవై ఎనిమిదో చీర నుంచే లాభం. అదే ఆరు వేలతో ఫొటోలు తీయించుకుంటే అవి ఏడాదంతా పనిచేస్తాయి. నెలనెలా పోయే ఖర్చుకూ ఒక్కసారే పోయే ఖర్చుకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. చాలా ఇళ్లలో ఈ లెక్క అమ్మకాల పుస్తకంలోంచి బయటికి రాదు, ఎందుకంటే తిరిగొచ్చిన సరుకును ఎవరూ రాయరు. ముందు అది రాయడం మొదలుపెట్టండి.

పన్ను సంగతి ఒక్క ముక్క. 2023 అక్టోబరు 1 నుంచి, జీఎస్టీ పరిమితి లోపు ఉన్న చిన్న వ్యాపారులు జీఎస్టీ నంబరు లేకుండానే అమెజాన్, మీషో లాంటి వేదికల మీద అమ్ముకోవచ్చు, నమోదు సంఖ్య ఒకటి తీసుకుంటే చాలు. కానీ సొంత రాష్ట్రంలోనే. సిరిసిల్ల చీర ఆ వేదికల ద్వారా నాందేడ్‌కో, షోలాపూర్‌కో పోవాలంటే జీఎస్టీ తప్పదు. ఈ ఒక్క పనిలో మాత్రం రీల్ చేసే కుర్రాడి సలహా వినకండి. టౌన్లోని అకౌంటెంటును అడగండి, ఆయన ఫీజు ఆయనకివ్వండి.

బతుకమ్మకు, దసరాకు అమ్మాలనుకునే సరుకు ఫొటోలు ఆషాఢంలోనే తీయాలి. అప్పటికి ఫొటోగ్రాఫర్లు ఖాళీ, ఫ్లెక్సీ షాపుల్లో రద్దీ తక్కువ, కాలేజీ పిల్లలకు పరీక్షలు అయిపోయి ఉంటాయి. వచ్చే ఆషాఢంలో మీ వీధిలోని ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్‌ను ఇంటికి పిలవండి. ఒక చీర, ఆరు ఫొటోలు, ఒక కాగితం. పని నచ్చితే ఆ సాయంత్రమే డబ్బులు ఇచ్చి పంపండి.